కాళ్ళవైపు మరక

"నా కోడలి మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయమ్మా," అంది ఆ అత్తగారు, ఆస్పత్రి మెట్ల మీదే నా చెయ్యి పట్టుకుని. "పొద్దెక్కేదాకా లేవదు. మాటకి మాట అప్పజెబుతుంది. కూరలో ఉప్పు వేస్తే రెండుసార్లు వేస్తుంది, లేకపోతే అసలే వెయ్యదు. కానీ మనిషిని చంపే రకమే అయితే ముందు నన్ను చంపి ఉండేది కదా!"

పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నాక ఎంతోమంది నడవడి గురించి ఎన్నో మాటలు విన్నాను. ఇంత గట్టి సాక్ష్యం మాత్రం వినలేదు. కేసు మెట్ల మీదే ఒప్పుకున్నాను.

విషయం ఇది. ఈ ఆస్పత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకునేవాళ్ళకి నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, రక్తం కారే చోట చిన్న లోహపు క్లిప్పు వెయ్యడం పాత పద్ధతి. అదే చోట ఒక పొడి చల్లి రక్తాన్ని గడ్డకట్టించడం కొత్త పద్ధతి. రెండిట్లో ఏది మేలో తేల్చాలి. గురువారం పొద్దున ఒక పెయింటరు రక్తం కక్కుకుంటూ వచ్చాడు. అతన్ని పరిశోధనలో చేర్చుకుని పొడి చల్లారు. మధ్యాహ్నానికల్లా వార్డులో మళ్ళీ రక్తం కక్కుకుని చనిపోయాడు. 'నేను రక్తం ఆపాను, వీడియో ఉంది. వార్డులో నర్సు రక్తం పలచబరిచే ఇంజెక్షన్ పొరపాటున ఇచ్చింది,' అన్నాడు పెద్ద డాక్టరు. వెతికితే నర్సు ట్రాలీ కింది బుట్టలో ఆ ఇంజెక్షన్ ఖాళీ సీసా దొరికింది. ఆ నర్సే ఈ అత్తగారి కోడలు.

ఇవాళ శనివారం. సాయంత్రం లోపల ఆమెను జడ్జి ముందు నిలబెట్టి జైలుకి పంపాలని ఇన్‌స్పెక్టరు పట్టుదల. ఒక్కసారి జైలుకి వెళ్ళిందంటే, రేపు నిర్దోషి అని తేలినా సరే, ఆమె చేతికి సూది ఇచ్చేవాళ్ళుండరు. రోగి నమ్మి చెయ్యి చాపితేనే కదా నర్సు ఉద్యోగం.

ఆమెను మందుల స్టోరు గదిలో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ ఆవులిస్తోంది.

"ఆ ఇంజెక్షన్ ఇచ్చావా?" అన్నాను, ఉపోద్ఘాతం లేకుండా.

"లేదండీ. సెలైన్ తప్ప ఏమీ ఎక్కించలేదు."

"మరి సీసా?"

"కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు ఆ వార్డులోనే ఉన్నారండీ. వాళ్ళకి అదే మందు. ఆ సీసాలు ఏ బుట్టలో చూసినా ఉంటాయి."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పలేదా?"

"చెప్పాను. కథలు అల్లకు అన్నాడు."

"పెయింటర్ని వార్డుకి తెచ్చినప్పుడు ఎలా ఉన్నాడు?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "రక్తం ఆగిన మనిషిలా లేడండీ. నాడి గబగబా కొట్టుకుంటోంది. బీపీ జారిపోతోంది. పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశాను. 'ఆపేశాను, కంగారు పడకు' అన్నారు. మళ్ళీ చేశాను. విసుక్కున్నారు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు."

నేను పూర్తిగా నమ్మలేదు. తప్పు చేసినవాళ్ళూ, చెయ్యనివాళ్ళూ నా ముందు ఒకేలా కొంగు చుట్టుకుంటారు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక వెనకనించి అడిగింది, "మా అత్తయ్య అన్నం తిన్నారాండీ? తినకపోతే ఆవిడకి షుగర్ పడిపోతుంది." అప్పుడు సగం నమ్మాను.

"ఏంటక్కా, గద్దలా వాలావు?"

గొంతు వినగానే ఒళ్ళు మండింది. తొమ్మిదిన్నర. పోలీసు ట్రైనింగులో నా జూనియరు, ఇప్పుడీ కేసుకి ఇన్‌స్పెక్టరు. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంటుంది, మొత్తం వేళ్ళు తొమ్మిదిన్నర కాబట్టి డిపార్టుమెంటులో అందరూ అతని వెనకాల పిలిచే పేరు అది. మొహం మీద పిలిచే ధైర్యం నాతో సహా ఎవరికీ లేదు.

"నీ కేసులో పస లేదు తమ్ముడూ."

"పస నాకెందుకక్కా, వీడియో ఉంటే?" జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆడించాడు. "డాక్టరుగారు పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. పుండు, రక్తం, పొడి, రక్తం ఆగిపోవడం. ఆగిన రక్తం ఊరికే మళ్ళీ కారుతుందా?"

"డాక్టరు చెప్పిందల్లా వేదం నీకు."

"అవును, వేదమే!" గొంతు పెంచాడు. "మంగళవారం మా అమ్మ రక్తం కక్కుకుంటే ఇదే ఆస్పత్రిలో బతికించింది ఆయనే. అమ్మ భయపడుతుంటే నన్ను కూడా లోపలికి రానిచ్చాడు. గొట్టం తీసేదాకా అమ్మ తల పట్టుకుని నించున్నాను. క్లిప్పు కూడా అక్కర్లేకుండా పొడితోనే ఆపేశాడు. మర్నాడే ఇంటికి పంపించాడు. అలాంటి మనిషి మీద నువ్వు బురద చల్లుతానంటే ఊరుకోను."

అతని ఫోన్ మోగింది. భార్య కాబోలు, గొంతు తగ్గించాడు. "ఏంటీ... విరేచనం నల్లగానా? ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగానే అవుతుంది, డాక్టరుగారు ముందే చెప్పారుగా. కళ్ళు తిరుగుతుంటే పడుకోమను. పనిలో ఉన్నాను." పెట్టేశాడు.

కడుపులో కారిన రక్తం కిందికి దిగేసరికి తారులా నల్లబడుతుందని ఆ పొద్దున్నే చదువుకుని వచ్చాను. ఐరన్ మాత్రలకీ అలాగే నల్లబడుతుందని అదే పేజీలో ఉంది. అందుకని నోరు మూసుకున్నాను.

"నాలుగింటికి బండెక్కిస్తాను," అన్నాడు తొమ్మిదిన్నర. గోడ గడియారంలో రెండున్నర దాటింది.

వరండా బెంచీ మీద పెయింటరు భార్య ఒక్కతే కూర్చుని ఉంది. దర్జీపని చేస్తుందట, బ్లౌజుకి ఇంకా రెండు గుండుసూదులు గుచ్చే ఉన్నాయి. నేనెవరో చెప్పగానే మొహం తిప్పేసుకుంది.

"ఆ నర్సు తరఫున వచ్చావా? నాతో మాట్లాడకు."

"ఆవిడే చేసిందని తేలితే నా చేత్తోనే పట్టిస్తానమ్మా. ఒక్క సంగతి చెప్పు చాలు. ఆయనకి ఈ పుండు ఎలా వచ్చింది?"

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది. "నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ భుజం విరిగింది. ఆ నొప్పికి పరగడుపున మాత్రలు మింగేవాడు. తిని మింగవయ్యా అంటే వింటేనా! ఎడమవైపు ఒరిగితే కేక పెట్టేవాడు. నెల్లాళ్ళుగా కుర్చీలోనే నిద్ర."

నా బుర్రలో ఏదో కదిలింది. "మరి ఇక్కడ గొట్టం వేసేటప్పుడు ఎలా పడుకున్నాడు?"

"నన్ను లోపలికి రానియ్యలేదు. కేక మాత్రం వినిపించింది. 'సరే, అటు తిప్పి పడుకోబెట్టండి, తొందరగా' అని డాక్టరు విసుక్కోవడం వినిపించింది. ఆయన గొంతు నేను ఆఖరిగా విన్నది ఆ కేకలోనే." ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

కెమెరా గొట్టం వేసే ఎండోస్కోపీ గది ఖాళీగా ఉంది. శనివారం మధ్యాహ్నం కేసులు లేవని, గొట్టాలు కడిగే అటెండరు కాళ్ళు చాపుకుని రేడియో వింటున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు పంపారని అబద్ధం చెప్పాను. లేచి సలాం కొట్టాడు.

మంచం ఒక పొడుగు వైపు గోడకి ఆనుకుని ఉంది. రెండో వైపు డాక్టరు నిలబడే చోటు, టీవీ తెర. తల పెట్టే చివర గోడకి ఆక్సిజన్ గొట్టం. రక్తం కారే కేసు అయ్యాక మంచం ఎలా కడుగుతావని అటెండర్ని అడిగాను. తలవైపంతా మందు నీళ్ళతో తోమి తోమి కడుగుతానన్నాడు. కాళ్ళవైపు?

"దుప్పటి మారుస్తానండీ. కాళ్ళవైపు ఏముంటుంది కడగడానికి?"

చెప్పులు విప్పి మంచం ఎక్కాను. "అమ్మా, అమ్మా!" అంటూ రేడియో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. అతన్ని పట్టించుకోకుండా ఆక్సిజన్ వైపు తల పెట్టి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. నా మొహం డాక్టరు నిలబడే చోటుకి ఎదురుగా ఉంది. కుడివైపు తిరిగాను. ముక్కుకి గోడ తగిలింది. గోడవైపు నోరు ఉన్న మనిషికి గొట్టం ఎవరు వెయ్యగలరు? అప్పుడు లేచి, తల కాళ్ళవైపు పెట్టి కుడివైపు తిరిగాను. డాక్టరు స్టూలు మళ్ళీ నా ఎదురుగా వచ్చింది.

దిగి, మంచం కాళ్ళ చివర టార్చి వేశాను. పరుపు కొత్తది. చట్రం తుడిచారు. మంచం ఎత్తు పెంచడానికి తిప్పే ఇనుప పిడి ఆ చివరే ఉంది. దాని సందులో, గుడ్డ దూరని చోట, గోధుమరంగులో ఎండిన ధార ఒకటి మర దాకా దిగి ఆగిపోయింది. ఫోటో తీశాను. కాస్త గీకి కవరులో వేశాను. అటెండరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మొన్న ఎవరినైనా తిరగేసి పడుకోబెట్టారా?"

"నాకు తెలీదమ్మా. నేను గొట్టాలు కడుగుతానంతే," అంటూ నేల చూపులు చూశాడు. తెలుసన్నమాట.

"ఎవరు మీరు? నా గదిలో ఏం చేస్తున్నారు?"

పెద్ద డాక్టరు. తెల్లకోటు ఇస్త్రీ మడత నలగలేదు. వెనకే తొమ్మిదిన్నర, మొహం జేవురించి ఉంది. "నా పేరు చెప్పి లోపలికొచ్చావా అక్కా? నిన్నూ అదే బండెక్కిస్తాను."

ఇలాంటప్పుడు గొడవపడితే గెంటేస్తారు. పొగిడితే కుర్చీ వేస్తారు. "డాక్టరుగారూ, మీ పొడి గురించి అందరూ గొప్పగా చెబుతుంటే చూడాలనిపించింది. ఆ వీడియో నాకొక్కసారి చూపిస్తే, నర్సుదే తప్పని మా క్లయింటుకి చెప్పి నా దారిన నేను పోతాను."

డాక్టరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. తొమ్మిదిన్నర భుజాలెగరేసి పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. తెర వెలిగింది. ఎర్రటి గోడలు, పక్కన రక్తపు మడుగు, కాస్త దూరంలో తెల్లటి పుండు, దాని నడిమధ్య నించి సన్నగా ఉబుకుతున్న రక్తం. పొడి చల్లగానే తెల్లగా కమ్ముకుని, రక్తం ఆగిపోయింది. డాక్టరు ఠక్కున ఆపేశాడు. "అంతే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"అద్భుతం," అన్నాను. "ఒక తెలివితక్కువ ప్రశ్న. రోగుల్ని ఎడమవైపే ఎందుకు పడుకోబెడతారు?"

పాఠం చెప్పడమంటే ఆయనకి ప్రాణమని ఆ కళ్ళు చెప్పాయి. పెన్నుతో తెర మీద చూపించాడు. "పొట్ట పైభాగం ఇలా సంచిలా ఉంటుంది. ఎడమవైపు పడుకుంటే అన్నిటికంటే కింద ఉండేది అదే. రక్తమంతా అందులోకి జారి మడుగు కడుతుంది. పుండు ఉన్నది ఈ చివర, పేగు మొదలయ్యే చోట. అది ఖాళీగా శుభ్రంగా ఉంటుంది. అందుకే పొడి ఇంత బాగా పట్టింది."

"కుడివైపు పడుకుంటే?"

"అంతా తలకిందులు. మడుగు పుండు మీదే కడుతుంది. అందులో పొడి చల్లితే నీళ్ళలో పిండి పోసినట్టే. ముద్దలు కట్టి గొట్టానికే అడ్డం పడుతుంది. అసలు చోటికి చేరనే చేరదు. అందుకే కుడివైపు పడుకోబెట్టినప్పుడు..."

ఆగిపోయాడు. పెన్ను గాలిలోనే ఉండిపోయింది.

"పడుకోబెట్టినప్పుడు ఏమైంది డాక్టరుగారూ?" అన్నాను. "ఎడమ భుజం విరిగిన పెయింటర్ని గురువారం మీరు కుడివైపే పడుకోబెట్టారు కదా. ఈ వీడియోలో మడుగు సంచిలో ఉంది. పుండు శుభ్రంగా ఉంది. ఇది ఎడమవైపు పడుకున్న మనిషి కడుపు. పెయింటరుది కాదు."

"నాన్సెన్స్. మత్తిచ్చాక ఎడమవైపే తిప్పాం."

"అలాగైతే తల ఆక్సిజన్ వైపు ఉండాలి. మరి మంచం కాళ్ళ చివర పిడి సందులో రక్తం ఎండిపోయి ఉంది. కాళ్ళతో రక్తం కక్కుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" కవరు టేబుల్ మీద పెట్టాను. "తమ్ముడూ, ల్యాబుకి పంపించు. పెయింటరుది కాకపోతే నా బోర్డు పీకేస్తాను."

తొమ్మిదిన్నర కవరు చూశాడు, డాక్టర్ని చూశాడు. మొండితనం ఎక్కువే కానీ మూర్ఖుడు కాదు. "మరి ఈ వీడియో ఎవరిది?" అన్నాడు నెమ్మదిగా.

"పరిశోధన వీడియోల్లో పేర్లు ఉండవు ఇన్‌స్పెక్టరుగారూ," డాక్టరు నుదురు తుడుచుకున్నాడు. "రోగి ఎవరో బయటికి తెలియకూడదని నంబరే వేస్తాం. అది రూలు."

"మార్చెయ్యాలనుకునేవాడికి ఆ రూలు భలే సాయం," అన్నాను. "మిగతాది కూడా పోనివ్వండి."

"మిగతాది ఏముంది? రక్తం ఆగాక చూడ్డానికేమీ ఉండదు."

అక్కడే దొరికిపోయాడు. గొట్టం నోట్లోకి వెళ్ళకముందు కెమెరాకి రోగి మొహం కనిపిస్తుందని గుర్తుపెట్టుకుని మొదలు జాగ్రత్తగా కత్తిరించాడు. కానీ ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ రక్తం ఆగిన తరవాత తెర చూసి ఉండడు. అప్పటికే చేతులు గ్లవుజులు విప్పుతుంటాయి, మనసు తరవాతి కేసు మీద ఉంటుంది. కెమెరా మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఆయన చెయ్యి మౌసు మీదికి పోతుంటే నేను ముందే అందుకున్నాను. వీడియో మళ్ళీ కదిలి, తెర మీద గొట్టం వెనక్కి జారింది. ఎర్రటి సొరంగం, నాలుక, పళ్ళ మధ్య పెట్టే ప్లాస్టిక్ రింగు. ఒక్కసారిగా తెల్లటి వెలుతురు. ముడతలు పడ్డ గడ్డం, దాని మీద ఎంగిలి. ఒక చెయ్యి గుడ్డతో దాన్ని మెల్లగా, ఎంతో మెల్లగా తుడిచింది.

ఎడమ చెయ్యి. చిటికెనవేలు సగమే ఉంది.

తొమ్మిదిన్నర తన చేతిని, ఎవరిదో చూస్తున్నట్టు, కళ్ళ ముందు పెట్టుకుని చూసుకున్నాడు.

"మా అమ్మ," అన్నాడు. మరుక్షణం డాక్టరు కాలరు అతని గుప్పిట్లో ఉంది. "మా అమ్మ వీడియో నాకే సాక్ష్యంగా ఇచ్చావా? పెయింటరు రక్తం ఆగలేదని తెలిసీ, నీ పరిశోధన చెడిపోతుందని దాచి వార్డుకి పంపించావా? ఆ పిల్ల ఫోన్ చేస్తుంటే ఎత్తకుండా కూర్చుని..."

"ఆగు తమ్ముడూ," అన్నాను. నాకు వేరే భయం పట్టుకుంది. "ఆ పొడి ఎన్నాళ్ళు ఉంటుంది డాక్టరుగారూ?"

డాక్టరు కాలరు విడిపించుకోబోయాడు.

"ఎన్నాళ్ళు?"

"రెండు మూడు రోజుల్లో... రాలిపోతుంది. ఈలోగా పుండు మానాలి. మానకపోతే క్లిప్పు వెయ్యాలి."

"మంగళవారం చల్లారు. మళ్ళీ గొట్టం వేసి చూశారా? లేదు. మర్నాడే ఇంటికి పంపారు. తమ్ముడూ, ఇంటికి ఫోన్ చెయ్యి. మీ అమ్మ ఐరన్ మాత్రల అట్ట చూడమను."

కాలరు వదిలి ఫోన్ తీశాడు. స్పీకరులో అతని భార్య గొంతు వణుకుతోంది. "అట్ట నిండుగానే ఉందండీ. ఒక్కటీ తియ్యలేదు. చేదుగా ఉంటాయని అత్తయ్య తలగడ కింద దాచేశారు... ఏవండీ, ఇందాక బాత్రూములో కూలబడిపోయారు. ఒళ్ళు చల్లగా ఉంది. త్వరగా రండి."

నల్లబడింది మాత్రలకి కాదు. "అంబులెన్స్ పిలువు, నోట్లో ఏమీ పొయ్యకు, వస్తున్నాను," అని తొమ్మిదిన్నర గుమ్మం వైపు అడుగు వేశాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

గొంతు మారిపోయింది. భయం లేదు. కాలరు సర్దుకుని, కోటు మడత చేత్తో సాపు చేసుకున్నాడు. "నా జూనియర్లిద్దరూ కాన్ఫరెన్సుకి వెళ్ళారు. ఈ పని చేసే ఇంకో ఆస్పత్రి ఊరికి ఆ చివర. అంతదూరం ఆవిడ తట్టుకోలేదు. ఇక్కడికే తీసుకురండి. క్లిప్పు నేను వేస్తాను. పది నిమిషాల పని."

చెయ్యి చాపాడు.

"నా కంప్యూటర్లో ఉన్న కాపీ సంగతి నేను చూసుకుంటాను. ఆ పెన్‌డ్రైవ్ ఇలా ఇవ్వండి."

స్టోరు గదిలో కూర్చున్న ఆ పిల్లకి దాన్ని మించిన సాక్ష్యం లేదు. పిడి సందులో రక్తం, పెయింటరు కుడివైపు పడుకున్నాడని చెప్పగలదు గానీ, అబద్ధం ఎవరు ఆడారో చెప్పలేదు. నేను కంప్యూటరు దగ్గరికి ఒక్క అంగ వేశాను. తొమ్మిదిన్నర నాకంటే ముందే పెన్‌డ్రైవ్ పీకి పిడికిలి బిగించాడు.

"తమ్ముడూ, వద్దు," అన్నాను. "ఆ పిల్ల బతుకు అందులో ఉంది."

"మా అమ్మ, అక్కా," అన్నాడు. నా వైపు చూడలేదు.

డాక్టరు చెయ్యి అలాగే చాపి ఉంది. తొమ్మిదిన్నర పిడికిలి తెరుచుకోవడం మొదలైంది. ఒక్కొక్క వేలే విడింది. అన్నిటికంటే చివర ఆ సగం వేలు.